జెండా తాడు: సిక్కోలులో నాలుగు రోజులు

ఆగస్టు 13, బుధవారం

శ్రీకాకుళం రోడ్ అనే బోర్డు చూసి దిగిన కొత్తవాళ్ళు ముందు అడిగే మాట "ఊరెక్కడండీ?" అని. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊరు ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు. నేను ఇక్కడే పుట్టాను కాబట్టి అడగలేదు. ఆటోవాడు మాత్రం నన్ను కొత్తదాన్ననుకుని డబుల్ చెప్పాడు. "ఏటి బాబూ, ఎప్పుడూ ఇంతే తీసుకుంటావేటి?" అన్నాక సగానికి దిగాడు. హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్ళున్నా ఈ "ఏటి" పోలేదు, మంచిదైంది.

ఈ ప్రయాణం పిన్ని ఆర్డరు. బాబాయి హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. మందస దగ్గర ఒక ఊళ్ళో చాలా ఏళ్ళు చేశాడు. ఆ బడివాళ్ళు ఈసారి జెండా ఎగరెయ్యడానికి రమ్మన్నారు. "గుండెకి స్టెంట్ వేసి ఏడాది కాలేదు. ఒక్కణ్ణీ పంపను. నా మోకాళ్ళు ఎలాగూ కదలవు. నువ్వొస్తే పంపుతాను, లేకపోతే లేదు" అంది ఫోన్లో. సరే అన్నాను. పదిహేనో తారీకు శుక్రవారం పడడం కూడా కలిసొచ్చింది. మా ఆఫీసు గ్రూపులో నెల ముందు నుంచే "లాంగ్ వీకెండ్" అని ఒకటే గోల. 2021లో ఆదివారం పడినప్పుడు అదే గ్రూపు సంతాప సభలా ఉంది.

బాబాయి గుమ్మంలోనే అడిగాడు. "జెండా తెచ్చావా?"

"బడిలో ఉండదా?"

"పాలిస్టరుది ఉంటాది. పద, పొందూరు."

పిన్ని పెట్టిన ఇడ్లీ గొంతు దిగకముందే బయల్దేరాం. సన్నగా వాన. దూసి దాటాక రెండు వైపులా నాట్లు వేసిన చేలు, మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టుకుని నడుం వంచి ఆడవాళ్ళు.

పొందూరు ఖాదీ గురించి చిన్నప్పుడు పాఠంలో చదివాను గానీ వడకడం దగ్గరగా చూడలేదు. బాబాయికి తెలిసిన ఇల్లొకటి ఉంది, అక్కడికి తీసుకెళ్ళాడు. గడప పక్కన వెలుతురు పడే చోట అరవై దాటిన ఒకావిడ కూర్చుని, చిన్న ఎముకతో పత్తి దువ్వుతోంది. వాలుగ చేప దవడ అది. సన్నటి పళ్ళు వరసగా, దువ్వెన కంటే దగ్గరగా ఉన్నాయి. చేతిలోకి ఇచ్చింది. బరువే లేదు. వేలు ఆనిస్తే గుచ్చుకోలేదు గానీ చర్మాన్ని పట్టుకుంది. గింజతో ఉన్న పత్తిని ఆ పళ్ళతో దువ్వితే ఆకు ముక్కా దుమ్మూ రాలిపోయి, పోగులన్నీ ఒకవైపుకి పడుకుంటాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. చుట్టిన ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి వడుకుతుంది. ఒంటి కదురు రాట్నం. దాని చక్రానికి ఇరవై నాలుగు ఆకులుంటాయని, జెండాలో చక్రానికీ అన్నే అని బాబాయి చెప్పాడు. నేను లెక్కపెట్టబోయాను. ఆవిడ చక్రం ఆపలేదు, నా లెక్క పదకొండు దగ్గర తప్పింది.

నూరో నంబరు నూలు అంటే ఏమిటో అక్కడే అర్థమైంది. 840 గజాలు ఒక చిలప. పౌను బరువుకి నూరు చిలపలు తూగితే అది నూరో నంబరు. అంటే అరకిలో కూడా లేని పత్తి 84,000 గజాల దారం అవుతుంది, డెబ్బయ్యారు కిలోమీటర్ల పైన. శ్రీకాకుళం నుంచి పలాసకి దాదాపు అంతే దూరం. ఈ నూలు గురించి విని గాంధీగారు తన కొడుకు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపించారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఎల్లుండి మీకు సెలవా?" అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న అని అడిగాక తెలిసింది.

"ఖాదీ సంఘం మూస్తారు. నాకేటి సెలవమ్మా, చిలపకింతని కదా ఇస్తారు. ఈ వానకి పోగు తెగదు. ఎండ కాస్తే ఊరికే తెగిపోద్ది. ఇప్పుడు వడక్కపోతే మరెప్పుడు వడుకుతాను?"

జెండాలు మాత్రం దొరకలేదు. అమ్మకాల గదిలో కుర్రాడు బాబాయి అడిగిందానికి నవ్వాడు. "మాస్టారూ, ఈ గుడ్డతో జెండా కుడితే సముద్రం గాలికి నాలుగు రోజులుండదు. పంచెలకీ చీరలకీ ఇది." జెండాకి కావలసింది ముతక ఖాదీ, అది వేరే పని. కర్ణాటకలో హుబ్బళ్ళి దగ్గర బెంగేరి ఖాదీ సంఘం ఆ పనికి పేరుపొందింది. దేశంలో ఇంత సన్నం నూలు తీసే ఊళ్ళో జాతీయ జెండా దొరకదు! బాబాయి తనకి ఒక తువ్వాలు కొనుక్కున్నాడు, ఉత్తచేతుల్తో వెళ్ళడం ఇష్టం లేక.

ఆగస్టు 14, గురువారం

జెండా చివరికి శ్రీకాకుళంలోనే ఖాదీ దుకాణంలో దొరికింది. మూడుకి రెండు కొలత, కుడివైపు తాడు కుట్టి ఉందా, ఎడమవైపా అని బాబాయి పదినిమిషాలు చూశాడు. షాపు బయట సిగ్నల్ దగ్గర ఒక పిల్లాడు ఇరవై రూపాయలకి పాలిస్టర్ జెండా అమ్ముతున్నాడు. వాడి దగ్గరా ఒకటి కొన్నాను. బాబాయి మొహం చిట్లించాడు.

ఈ విషయంలో ఆయనకీ నాకూ కుదరదు. జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిందే కావాలన్నది పాత నియమం. 2021 డిసెంబరు చివర్లో దాన్ని మార్చి మిషను మీద నేసినదీ, పాలిస్టరూ సరేనన్నారు. మరుసటి జూలైలో రాత్రిళ్ళు కూడా ఎగరనివ్వొచ్చన్నారు. వడికే వాళ్ళ నోట్లో మట్టి కొట్టారంటాడు బాబాయి. నిన్న ఆ గడప దగ్గర కూర్చున్నాక కాదనలేను. కానీ 2002లో కొత్త జెండా నియమావళి వచ్చేదాకా మామూలు మనిషి తన ఇంటి మీద ఏడాది పొడుగునా జెండా పెట్టుకోవడానికే లేదు, ఏవో కొన్ని రోజులు తప్ప. మా నాన్న ఒకసారి ఆగస్టు పదిహేను దాటాక తీయడం మర్చిపోతే వీధి చివర పోలీసాయన వచ్చి చెప్పి వెళ్ళడం నాకు గుర్తు. ఇప్పుడు పాన్‌షాపు మీద, ఆటో మీద, చేపల బుట్ట మీద ఉంది. కొంచెం వెలిసిపోయి ఉంది, అంతే కదా.

మధ్యాహ్నం పలాస బస్సు. నాగావళి నిండుగా, ఎర్రగా పారుతోంది. బాబాయి పక్క సీట్లో కాలేజీ కుర్రాడు. మాస్టారు ఊరుకుంటాడా!

"రేపు ఎవరి పుట్టినరోజో తెలుసా బాబూ?"

కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, "ఏ హీరోది సార్?" అన్నాడు. తప్పు వాడిది కాదు, ఆ రోజే రెండు పెద్ద సినిమాలు విడుదలయ్యాయి, దారంతా వాటి ఫ్లెక్సీలే.

"మీ జిల్లాది రా. 1950 ఆగస్టు 15. అంతకుముందు మనం విశాఖపట్నం జిల్లా. రేపటికి డెబ్బై అయిదేళ్ళు నిండుతాయి."

"అవునా సార్," అని వాడు నిజంగానే ఫోన్లో వెతికాడు. దొరికాక స్టేటస్ పెట్టుకున్నాడు. బాబాయి పలాస దాకా గర్వంగానే ఉన్నాడు.

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో దిగేసరికి చీకటి పడుతోంది. రోడ్డు పక్కన పెద్ద క్యూ, గొడుగులు, ఒకర్నొకరు తోసుకోకుండా, భలే క్రమశిక్షణ. ఏ పథకానికో అనుకున్నాను. మద్యం షాపు. రేపు మూసేస్తారు కదా. క్యూలో ఒకాయన చొక్కా జేబుకి అప్పుడే కాగితం జెండా గుచ్చుకుని ఉన్నాడు. ఒక రోజు ముందే రెండు ఏర్పాట్లూ చేసుకున్నాడన్నమాట.

లాడ్జిలో రాత్రి ముడి ప్రాక్టీసు. ఇది బాబాయి పట్టు. జనవరి 26న జెండా ముందే స్తంభం పైన కట్టి ఉంటుంది, తాడు లాగితే విచ్చుకుంటుంది. ఆగస్టు 15న అలా కాదు, కింది నుంచి పైకి ఎక్కించాలి, అప్పుడు విప్పాలి. ఒక జెండా దిగి మన జెండా ఎక్కిన రోజు కదా. "ముప్పై ఏళ్ళుగా ప్రతి బడిలోనూ రెండు రోజులూ ఒకేలా చేస్తన్నారు. నేనున్నప్పుడూ అలాగే చేశాం. ఈసారి సరిగ్గా చేస్తాను." ఆయన చేతులు కొంచెం వణుకుతాయి ఇప్పుడు. అందుకని ముడి నేను వెయ్యాలి. పొందూరు తువ్వాలు మడతలు మడతలుగా మడిచి, చుట్టి, తాడు ఒక మెలిక తిప్పి, కొస లోపలికి దూర్చాలి. కింది తాడు గుంజితే ఊడాలి, అంతకుముందు ఊడకూడదు. కిటికీ ఊచకి కట్టి పదిసార్లు గుంజాం. పదిసార్లూ తువ్వాలు చక్కగా విచ్చుకుంది. చాలా ఈజీ అనుకున్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

ఏడున్నరకి బడికి చేరాం. రాత్రంతా వాన పడినట్టుంది, మైదానంలో ఎక్కడ కాలు పెట్టినా చెప్పు అక్కడే ఉండిపోతోంది. కొబ్బరి తోటల మధ్య బడి. కొన్ని చెట్లు మొండాలుగానే నిలబడి ఉన్నాయి, 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి తలలు పోయినవి. బాబాయి ఉన్నప్పుడు నూట అరవై మంది పిల్లలట. ఇప్పుడు నలభై ఒకరు. మిగతావాళ్ళు పసుపురంగు వ్యానుల్లో ఎక్కడికో వెళ్తారు. అయినా హడావిడికి లోటు లేదు. సున్నం గీతలు వానకి కరిగిపోతే ఇద్దరు గుంటలు మళ్ళీ వేస్తున్నారు. బ్యానర్ మీద 78వ స్వాతంత్ర్య దినోత్సవం అని ఉంది. అది 79వది కదా అని ఒక టీచరు, నిండింది డెబ్బై ఎనిమిదే కదా అని ఇంకో టీచరు. లెక్కల మాస్టారు ఇద్దరూ రైటే అని తప్పించుకున్నాడు.

జెండా అప్పటికే పైన కట్టేసి ఉంది, పువ్వులతో సహా.

బాబాయి ఒక్కసారి పైకి చూశాడు, ఒక్కసారి నా వైపు చూశాడు. హెడ్మాస్టరుగారు పాతికేళ్ళ కిందట ఆయన దగ్గరే చదువుకున్న మనిషి. కాదనలేక దింపించాడు. సర్పంచిగారు ఇంకో రెండు చోట్ల జెండాలున్నాయని బైకు స్టార్ట్ చేసి ఆపి, స్టార్ట్ చేసి ఆపి చూస్తున్నాడు. పిల్లలు చినుకుల్లో నిలబడ్డారు. ఒక గాంధీ, ముగ్గురు అల్లూరి సీతారామరాజులు, ఒక ఝాన్సీ రాణి. గాంధీకి పూసిన సున్నం చెంపల మీంచి కారుతోంది. కొత్త ఖాదీ జెండా తీసి, బంతిపూల రెక్కలు పోసి, మడిచి, చుట్టి, నిన్న పదిసార్లు వేసిన ముడే వేశాను.

బాబాయి తాడు లాగడం మొదలుపెట్టాడు. మూట నెమ్మదిగా లేచింది. ఎవరో తొందరపడి "జనగణమన" అందుకున్నారు, పిల్లలంతా కలిశారు. పాట 52 సెకన్లలో పాడాలంటారు. మా వాళ్ళు అంతకంటే ముందే ముగించారు. జెండా మూట మాత్రం ముప్పావు స్తంభం దగ్గర ఆగిపోయింది. పైకి పోదు, కిందికి రాదు, విచ్చుకోదు. రెండు బంతి రెక్కలు రాలి గాంధీ బోడి తల మీద పడ్డాయి. నా మొహంలో రక్తం లేదు. వాడని తాడు వానకి ఉబ్బి కప్పీలో బిగిసింది. నేను దూర్చిన కొస ఎక్కువై పక్క తాడుని చుట్టుకుంది. లాడ్జిలో కిటికీ ఊచకి కప్పీ లేదు కదా! లెక్కల మాస్టారు నిచ్చెన అన్నాడు. సర్పంచిగారు కరెంటాఫీసు కుర్రాణ్ణి పిలుద్దామన్నాడు.

అంతలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఇలాగియ్యండి మాస్టారూ" అని తాడు తీసుకుంది. లాగలేదు. వదులు చేసి, మణికట్టు ఒక్కసారి పక్కకి విదిలించింది. తాడులో అల లేచి పైకి పాకింది, మూట ఒకసారి ఎగిరి పడింది. మళ్ళీ ఒకసారి. సర్రుమని పైదాకా వెళ్ళింది. అప్పుడు బాబాయి చేతికి తాడిచ్చి, "ఇప్పుడు గుంజండి" అంది. విచ్చుకుంది. పువ్వులు సగం ముందే రాలిపోయాయి గానీ, విచ్చుకుంది.

"నూతిలో చేద ఇరుక్కుంటే అంతే కదమ్మా," అంది నాతో. "లాగితే ఇంకా బిగుసుద్ది."

జనగణమన రెండోసారి పాడారు. ఈసారి నిదానంగా.

బాబాయికి అయిదు నిమిషాలు మాట్లాడమని ఇచ్చారు. ఢిల్లీ గురించి, లాహోర్ గురించి ఏమీ చెప్పలేదు. గున్నమ్మ గురించి చెప్పాడు. 1940 మార్చి చివర్లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో కాల్పులు. మందస జమీందారు అడవిలో కట్టె కొట్టుకున్నారని రైతుల మీద కేసులు పెట్టి పట్టుకుపోతుంటే, ఆడవాళ్ళు దారికి అడ్డం పడ్డారు. ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ. ఆమెతో కలిపి అయిదుగురు చనిపోయారు. అప్పటికి ఆమె గర్భిణి అని ఇక్కడ చెప్పుకుంటారు. ఇందరు అల్లూరి సీతారామరాజులున్నారు, ఒక్క గున్నమ్మ వేషం లేదేమని అడిగాడు.

ఝాన్సీ రాణి చెయ్యెత్తింది. అట్టముక్క కత్తి ఇంకో చేతిలోకి మార్చుకుని మరీ ఎత్తింది.

"ఆమెని కాల్సింది తెల్లోళ్ళా సార్?"

బాబాయి వెంటనే చెప్పలేదు. మైకు గరగరమంది. "రాజ్యం తెల్లోళ్ళదమ్మా. అడవి జమీందారుదని రాసుకున్నారు. తుపాకీ పట్టుకున్న పోలీసులు... మనవాళ్ళే అయ్యుంటారు ఎక్కువమంది."

"మరి మనోళ్ళెందుకు కాల్సారు?"

హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టించాడు. సర్పంచిగారికి టైమవుతోంది. బూందీ పొట్లాలు పంచారు. మా రోజుల్లో రెండు చాక్లెట్లే.

వంటావిడ పొట్లం ఇస్తూ ఒక టీచర్ని అడగడం వినబడింది. "ఇయ్యాల్టి నుంచే కదమ్మా బస్సులో ఆడోళ్ళకి టికెట్ లేనిది?" సాయంత్రం నుంచి అంది టీచరు. ఆధార్ కార్డు పట్టుకెళ్ళమంది.

మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని గుడారి రాజమణిపురం వెళ్ళాం. గున్నమ్మ స్తూపం దగ్గర ఎవరో పొద్దున్న వేసిన దండ తడిసి బరువుగా వేలాడుతోంది. ఆమె చనిపోయిన ఏడేళ్ళకి దేశానికి స్వతంత్రం వచ్చింది. జమీందారీలు పోవడానికి ఇంకో చట్టం కావలసి వచ్చింది, 1948లో. ఈ ఊళ్ళో మాత్రం పండగ చెయ్యాలంటే ఏ తారీకున చెయ్యాలి అని బాబాయిని అడిగాను. ఏప్రిల్ ఒకటిన చేస్తారుగా అన్నాడు. అది వర్ధంతి కదా అన్నాను. మాట్లాడలేదు. ఝాన్సీ రాణి ప్రశ్న ఆయనలో ఇంకా తిరుగుతున్నట్టుంది.

సాయంత్రం బారువ. సముద్రం బూడిదరంగులో ఉంది, గాలికి గొడుగు రెండుసార్లు తిరగబడింది. సర్దార్ గౌతు లచ్చన్న పుట్టిన ఊరు ఇది, 1909 ఆగస్టు 16న. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, ఆ తర్వాత జీవితమంతా రైతుల తరఫున కొట్లాడిన మనిషి. ఇసుకలో పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు, ఒకడు నా ఇరవై రూపాయల జెండా అడిగి తీసుకున్నాడు. తిరిగివ్వలేదు. రాత్రి మందసలో బాబాయి పాత స్నేహితుల ఇంట్లో పడక. మందస కోవా పెట్టారు, నేను ఆరు తిన్నాను. స్టెంట్ పేరు చెప్పి బాబాయివి కూడా నేనే తిన్నాను.

ఆగస్టు 16, శనివారం

కృష్ణాష్టమి. పొద్దున్నే వాసుదేవ పెరుమాళ్ గుడిలో దణ్ణం పెట్టుకుని, పలాస వెళ్ళే పల్లెవెలుగు బస్సెక్కాం. ఎక్కాం అంటే ఎక్కగలిగాం. ఫుట్‌బోర్డు నుంచి వెనక సీటు దాకా ఆడవాళ్ళే. ఎక్కడికమ్మా అంటే కొందరికి ఎక్కడికీ కాదు, ఊరికే పలాస చూసొద్దామని. కండక్టరు చెమట్లు కక్కుతూ ఆధార్లు చూస్తున్నాడు. చీర కొంగుల్లోంచి, బ్లౌజుల్లోంచి, ప్లాస్టిక్ కవర్లలోంచి కార్డులు వస్తున్నాయి.

నిన్నటి వంటావిడ ముందు సీట్లో ఉంది. పక్కన ఆవిడ భర్త, సన్నగా, పాదాలు మాత్రం ఉబ్బి. డయాలసిస్. ఈ ఉద్దానం ప్రాంతంలో చాలా ఊళ్ళలో ఉన్నదే ఈ కిడ్నీ జబ్బు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ ఇదమిత్థంగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చారు. ఆయనకి నెలకి పదివేలు పింఛను వస్తుంది. వారానికి మూడు రోజులు ఆయన్ని తీసుకెళ్ళి, తీసుకొచ్చి, మధ్యలో నలభై ఒక్క మందికి వండుతుంది.

"పింఛనులో బస్సుకే పోయీది," అంది. "ఇకమీద సగం మిగులుద్ది."

కండక్టరు వచ్చాడు. ఆవిడకి సున్నా టికెట్ కొట్టాడు. ఆయనకి మామూలు టికెట్. బాబాయికి మామూలు టికెట్. నేను కార్డు చాచాను. ఆయన చూసి తిరిగిచ్చేశాడు.

"ఇది తెలంగాణ అడ్రసు మేడమ్. మనకి చెల్లదు."

"పుట్టింది ఇక్కడేనండీ."

"అది కార్డు మీద లేదు కదండీ."

డబ్బులు తీశాను. హైదరాబాద్‌లో ఏడాదిన్నర పైనుంచి ఉచితంగా తిరుగుతున్నదాన్ని, బ్యాగులో చిల్లర కూడా లేదు. బాబాయి ఇచ్చాడు. వంటావిడ ఇదంతా తల తిప్పి చూస్తోంది. తన టికెట్ నా ముందు పెట్టి, సున్నా మీద వేలు పెట్టి చూపించింది.

"నీకింకా రాలేదేటమ్మా?" అని గట్టిగా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. "నాకూ రాలేదు" అన్నాడు.

ఆవిడ టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి ఆధార్ కవర్లో దాచుకుంది. కాశీబుగ్గ వచ్చింది. వాన మళ్ళీ అందుకుంది. ఆయన దిగడానికి ఆవిడ ఒక చెయ్యి, బాబాయి ఒక చెయ్యి పట్టుకున్నారు. నేను వెనక గొడుగు విప్పబోతే, బారువ గాలికి విరిగిన ఊచ ఇరుక్కుని తెరుచుకోలేదు. లాగుతుంటే ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "లాగకమ్మా" అంది.